పది లైన్ల కాపలా

ఊళ్లో ప్రతి కుళాయీ నెట్‌వర్క్ ఆదేశంతోనే తెరుచుకునే రోజులవి. కోనాపురం నీటి కేంద్రంలో ఆ నెట్‌వర్క్‌కు కాపలా కాయడం సుభాషిణి ఉద్యోగం. వారం రోజులుగా ఎవరో అందులోకి చొరబడి నీళ్లు వదులుతున్నారు. ఆమె పది లైన్ల చిన్న ప్రోగ్రాం రాసింది. అనుమతి లేని ఆదేశం వస్తే, అది ఏ ఇంటినుంచి వచ్చిందో కనిపెట్టి ఆ చిరునామాను నేరుగా పోలీసులకు పంపుతుంది.

మర్నాడు ఉదయమే దొంగ దొరికాడు. తెరమీద చిరునామాను సుభాషిణి రెండుసార్లు చదివింది. అది నబీరసూల్ సార్ ఇల్లు. ఆమెకు ఈ పని నేర్పి, కిందటేడు రిటైరైన మనిషి.

ఆటో ఎక్కి ఆమె వెళ్లేసరికి పోలీసులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఎందుకు చేసినారు సార్?"

"ఇండ్ల పట్టాలు లేవని గుట్ట కాలనీకి నీళ్లు ఆపేసినారు కదమ్మా. నాలుగొందల ఇండ్లు. రోజుకు పది నిమిషాలే ఇడిసినా."

"నాకొక్క మాట చెప్పింటే..."

"చెప్పింటే నీ ఉద్యోగం పోయేది." ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "ప్రోగ్రాం బాగా రాసినావు. నాకే తెలీకుండా పట్టేసింది."

సుభాషిణి కేంద్రానికి తిరిగొచ్చి ఆ పది లైన్లూ చెరిపేసింది. అప్పటికే పై అధికారి ఆ ప్రోగ్రాంను మెచ్చుకుని జిల్లాలోని నీటి కేంద్రాలన్నింటికీ పంపించాడు. మధ్యాహ్నానికల్లా మరో మూడు ఊళ్లలో దొంగలు దొరికారు.