కింది ఇంటి దెబ్బలు

ఆశీష్ బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టాడు.

వెంటనే కింది ఫ్లాట్ సీలింగ్ మీద టక్ టక్‌మని కర్ర చప్పుడు.

స్టెల్లాకు ఒళ్ళు మండిపోయింది.

"విన్నావా ఆ ముసలాడి పొగరు? పసివాడు బంతి ఆడినా ఓర్వలేడు!"

"పోనీలే స్టెల్లా, పెద్దాయన" అన్నాడు భర్త సుందరరావు.

"పోనిచ్చేది లేదు. ఇక్కణ్ణుంచి పంపేదాకా నాకు నిద్ర పట్టదు!"

ఆశీష్‌కు ఏడేళ్ళు. ఆటిజం. ఇంకా మాట రాలేదు.

"ఒకరు ఆడాలి, ఇంకొకరు ఆగాలి. ఆ వంతులాట పట్టుబడితే మాటకు దారి దొరకొచ్చు మేడమ్" అని చెప్పింది థెరపిస్ట్ చైత్ర.

స్టెల్లా నెలల తరబడి ఎదురుగా కూర్చుని బంతి దొర్లించింది. వాడు కన్నెత్తి చూస్తేగా!

అది చాలదన్నట్టు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో పిల్లాడి గోల భరించలేమని ఎవరో ఫిర్యాదు చేశారు. అసోసియేషన్ వాళ్ళు వాణ్ణి ప్లే ఏరియాకి రావద్దన్నారు. చేసిందెవరో చెప్పలేదు.

చెప్పాలా ఏంటి? కర్ర పుచ్చుకుని సీలింగ్ పొడిచేవాడు ఒక్కడేగా!

ఆమె విసురుగా మెట్లు దిగి తలుపు బాదింది. కింది ఇంట్లో అద్దెకుండే బాలయ్య తలుపు తీశాడు. చేతిలో బూజుకర్ర.

"సిగ్గులేదా మీకు?"

"అట్ల కాదు తల్లీ. మీ పిల్లోడు ఉండాడు కదా, వాడు..."

"నా కొడుకు మాటెత్తితే మర్యాద దక్కదు!"

బాలయ్య ముఖం చిన్నబోయింది.

"పిల్లోణ్ణి మాత్రం కోప్పడొద్దమ్మా" అన్నాడు.

"నీతులు కూడానా!" అనుకుంది స్టెల్లా. ఆ ఫ్లాట్ ఓనరుకి ఫోన్ చేసి, పిల్లాణ్ణి బెదిరిస్తున్నాడనీ, పోలీసుల దాకా వెళ్తాననీ ఉన్నదానికి లేనిది కలిపి చెప్పింది. ఓనరు హడలిపోయి ఇల్లు ఖాళీ చేయించాడు.

ఊరి చివర హెబ్బగోడిలో ఏదో గదికి పోతున్నాడట. ఆటోలోకి సామాను ఎక్కుతుంటే స్టెల్లా బాల్కనీలో నిలబడి కాఫీ తాగుతూ చూసింది. అంత రుచైన కాఫీ ఆమె ఎన్నడూ తాగలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ ఫిర్యాదు వచ్చింది.

"పక్క ఫ్లాట్ అక్కయమ్మగారు మేడమ్" అన్నాడు వాచ్‌మన్. "పోయినసారీ ఆవిడే కదా!"

అంటే ఫిర్యాదు చేసింది బాలయ్య కాదు. మరి ఆ కర్ర చప్పుడు?

ఆ సాయంత్రం చైత్ర ఇంటికొచ్చింది.

ఆశీష్ బంతిని రెండుసార్లు కొట్టాడు. నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. కదలకుండా ఆగాడు.

చైత్ర కళ్ళు మెరిశాయి.

"మేడమ్! వెయిట్ చేస్తా ఉన్నాడు! అవతలివాళ్ళకి వంతు ఇస్తా ఉన్నాడు! రోజూ ఎవరితో ఆడతాడు?"

స్టెల్లా చూపు బంతి మీంచి నేల మీదికి జారింది.

ఆశీష్ లేచి మళ్ళీ రెండుసార్లు కొట్టి, మళ్ళీ చెవి ఆనించాడు. కింద ఖాళీ ఇల్లు ఉలకలేదు, పలకలేదు. వాడి పెదవి వణికింది.

లోకంలో తన బిడ్డతో ఆడిన ఒకే ఒక్క మనిషిని తానే వెళ్ళగొట్టానని స్టెల్లాకు అప్పుడు తెలిసింది.