పైసా కోత లేకుండా

"పిన్ కొట్టు భయ్యా, పిన్ కొడితేనే నీకు పైసలు పడతయి," అన్నాడు ఫోన్‌లో అవతలి మనిషి.

లింగమూర్తి కొట్టలేదు. పైసలు పంపేవాడు పిన్ కొట్టాలి గాని తీసుకునేవాడు ఎందుకు కొడతాడని అడిగాడు. అవతలి మనిషి కాసేపు నచ్చజెప్పాడు, తర్వాత తిట్టాడు, తర్వాత పెట్టేశాడు. పొద్దుటి నుంచి ఇలాంటిది మూడోది.

కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సులు ఆగే చోట నిలబడి ఉన్నాడతను. సిరిసిల్లలో మరమగ్గం నడుపుతాడు. అమ్మకానికి పెట్టింది ఆ చేతిలో ఉన్న ఫోన్‌నే. బావమరిది దుబాయి నుంచి తెచ్చిచ్చాడు. ఇంట్లో ఉన్న ఫోన్ అదొక్కటే, అమ్మితే డబ్బు వచ్చే వస్తువూ అదొక్కటే. కూతురు నవ్యశ్రీ బస్టాండు వెనక వీధిలోని నర్సింగ్ కాలేజీలో ఫీజు కౌంటర్ ముందు లైన్లో ఉంది. ఐదింటికి కౌంటర్ మూస్తారు. ఆలోపు పదివేలు కట్టకపోతే సీటు ఇంకో పిల్లకు పోతుంది. రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. అడ్వాన్సు అడుగుదామంటే సేటు ఊళ్లో లేడు. ఫోన్ అమ్ముతున్నానని నవ్యశ్రీకి చెప్పలేదు. పైసలు తెస్తాను, నువ్వు లైన్లో నిలబడు అని మాత్రం చెప్పాడు.

కోతలంటే లింగమూర్తికి గిట్టదు. ఏటా చార్జీ పట్టుకుంటారని బ్యాంకులో ఏటీఎం కార్డు కూడా వద్దన్నాడు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో డబ్బు తీసుకోవడానికి మూడు దారులు చూపించారు. యాప్ వాళ్ల చేతుల మీదుగా తీసుకుంటే, సరుకు ముట్టాక నాలుగు రోజులకు, తమ వాటా పట్టుకొని మిగతాది ఇస్తారు. కొరియర్‌లో పంపితే కొరియర్ వాళ్లకో చార్జీ. కొనేవాళ్లు ఎదురుగా వచ్చి నేరుగా ఇచ్చుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అతను మూడోదే పెట్టాడు.

పక్క మగ్గం లక్ష్మీరాజం బస్సెక్కించేటప్పుడు రెండు ముక్కలు చెప్పాడు. పైసలు పంపినట్టు ఎవరన్నా ఫొటో చూపిస్తే నమ్మొద్దు, బ్యాంకు మెసేజ్ వచ్చాకే వస్తువు చేతికివ్వాలి. బస్టాండులో నోట్లు మాత్రం ముట్టొద్దు, మొన్న ఒకామె మేకను అమ్మితే అన్నీ దొంగనోట్లే వచ్చాయి.

నాలుగు దాటాక ఫోన్ కొనడానికి తారాబాయి వచ్చింది. ఉట్నూరులో అంగన్‌వాడీ ఆయా. అత్తను ఆసుపత్రిలో చూపించి తిరిగి వెళ్తోంది. ఫోన్ తిప్పి చూసింది, తన ఫొటో తీసుకొని చూసింది, వెలుతురుకు పెట్టి చూసింది.

"గీ గీత ఏంది దాదా?"

"పైన అతికించిన గ్లాసుది అక్కా. లోపల ఏం గాలే."

"అమ్మేటోళ్లందరు గదే అంటరు."

అతను పదకొండు వేలు చెబితే ఆమె తొమ్మిది అంది. బిడ్డ ఫీజు కోసం అమ్ముతున్నానని లింగమూర్తి చెప్పాడు. ఆమె అత్త వైపు చూసింది. అత్త తల ఊపింది. పదివేల ఐదువందల దగ్గర బేరం తెగింది. తారాబాయి నడుముకు కట్టుకున్న సంచి విప్పి నోట్లు తీసింది.

"ఇగో, లెక్కపెట్టుకో."

లింగమూర్తి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నోట్లద్దు అక్కా. అకౌంట్ల ఎయ్యి."

"నోట్లు కరుస్తయా దాదా?"

"నిన్ను అంటలేనక్కా. మోసపోతే అమ్మనీకి నా తాన ఇంకో ఫోన్ లేదు."

అవి తను జీతంగా తీసుకున్న నోట్లేనని, ఒక్కొక్కటీ చూసుకోమని ఆమె చెప్పింది. అతను వినలేదు. ఆదిలాబాద్ బస్సు డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. తారాబాయి విసుక్కుంటూ నోట్లు సంచిలో పెట్టి, తన పాత ఫోన్ తీసి, డబ్బు వేయమని చెప్పడానికి ఊళ్లో ఉన్న తమ్ముడు ఆకాశ్‌కు చేసింది. సిగ్నల్ లేదు. మళ్లీ చేసింది. లేదు. అత్త బస్సెక్కి కూచుంది. కండక్టర్ విజిల్ వేశాడు.

"నీకు నోట్లద్దు, నా బస్సు ఆగదు. పోతున్న దాదా," అంది తారాబాయి.

లింగమూర్తి బస్సు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఒక్క నిమిషం ఆగమని కండక్టర్‌కు దండం పెట్టాడు. బస్సులో వాళ్లు తలలు బయట పెట్టి చూశారు. ఆమె ఇంకోసారి చేసింది. ఈసారి ఆకాశ్ పలికాడు. డబ్బు వేయాల్సిన నంబరు రాసుకున్నాడు. కండక్టర్ గొణుగుతూనే ఆగాడు.

లింగమూర్తి చేతిలో ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజ్. అది చాలక అకౌంట్ తెరిచి చూసుకున్నాడు. పదివేల ఐదువందలూ ఉన్నాయి.

సిమ్ తీసి బస్సు టికెట్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్‌లో తన పేరు, అకౌంటు, ఫొటోలు ఒక్కటీ మిగలకుండా చెరిపేశాడు. తారాబాయి ఫోన్ తీసుకొని ఎక్కింది. బస్సు కదిలింది.

అతను పరుగెత్తాడు. కాలేజీ మెట్లెక్కేసరికి గోడ గడియారంలో ఐదుకు ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. కౌంటర్ దగ్గర నవ్యశ్రీ ఒక్కతే నిలబడి గుమ్మం వైపు చూస్తోంది. లోపలి ఉద్యోగి షట్టర్ సగం దించి ఆగింది.

"పదివేలు. నోట్లయినా సరే, స్కాన్ చేసినా సరే. తొందరగా కట్టుర్రి," అంది.

లింగమూర్తి రొప్పుతూ కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. పొద్దుటి నుంచి అతని ముఖంలో నవ్వు రావడం ఇదే మొదలు.

"పడ్డయి బిడ్డా. ఒక్క పైసా కోత లేకుంట పడ్డయి. అన్ని అకౌంట్లనే ఉన్నయి."

నవ్యశ్రీ కళ్లు తుడుచుకొని చెయ్యి చాచింది.

"ఫోన్ ఇయ్యి బాపూ."