రెండు వేళ్ల గుడ్డ

"అదేంటమ్మాయ్, నీ జాకెట్టుకు మార్జిన్ వదలకుండా కత్తిరిస్తున్నావు?" బొత్తాలు కుడుతున్న అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఎవరి కోసం వదలాలి అత్తయ్యా?" కోడలి కత్తెర ఆగలేదు.

ఊరందరికీ బట్టలు కుట్టే కోడలు, తన జాకెట్లకు మాత్రం కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలేది. కడుపు పండితే ఒళ్ళు చేస్తుంది కదా, అప్పుడు విప్పుకోవచ్చని. ఎనిమిదేళ్లుగా అదే ఆశ. ఇంజెక్షన్లతో ఒళ్ళు తూట్లు పడింది. ఈ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, ఈసారీ నిలవలేదని.

"ఎన్ని జాకెట్లు కుట్టానో! ఒక్క కుట్టయినా విప్పే పని పడిందా?"

"పడింది. ఒక్కోటీ మూడేసి సార్లు విప్పాను."

కత్తెర ఆగింది. "మీరా?"

"ఆ ఇంజెక్షన్లకు నీ ఒళ్ళు వాచేది. జాకెట్టు బిగిస్తే దానికీ ఏడుస్తావని, ఉతికి ఆరేసినప్పుడు కాస్త వదులు చేసి పెట్టేదాన్ని."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!" గొంతు చిరాగ్గా లేచింది.

"చెబితే చెప్పానని ఏడుస్తావు. నీతో పడలేక చచ్చాను."

కోడలు తొడుక్కున్న జాకెట్టు అంచు తిరగేసి చూసింది. పాత కుట్ల గుర్తులు మూడు వరుసలున్నాయి. లోపలి గుడ్డ దారమంత కూడా మిగల్లేదు. అందరి కొలతలూ రాసుకునే తను, తన కొలత తీసుకుని ఎనిమిదేళ్లయింది.

కత్తిరించిన గుడ్డ పక్కకు నెట్టి, మెడలోని టేపు తీసి అత్తగారి చేతికిచ్చింది.

"కొలవండి."

"మరి మార్జిన్?"

"వదులుతాను లెండి. నాకే కావాలి."