ఆర్‌ఏసీ అంటే ఏందమ్మా?

"ఆర్‌ఏసీ అంటే ఏందమ్మా?"

గ్రూపులో వరదయ్య మళ్లీ అడిగాడు.

పరిమళకు ఒళ్లు మండిపోయింది.

'చెన్నై తెలుగు ప్రయాణికులు' అనే ఆ వాట్సాప్ గ్రూపుకు ఇప్పుడు ఆమే అడ్మిన్. రైలు టికెట్లు, లాడ్జి గదులు, యాత్రలు, అక్కడ అన్నీ పొడి అక్షరాల్లోనే నడుస్తాయి. డబ్ల్యూఎల్, ఆర్‌ఏసీ, సీపీ, ఎంఏపీ. కొత్తగా చేరినవాళ్లకు అది అరవమూ కాదు, తెలుగూ కాదు.

అంతకు ఒక్క నిమిషం ముందే కొత్తవాళ్లెవరో ఏదో పెట్టి వెంటనే చెరిపేశారు. దాన్నెవరూ పట్టించుకోలేదు. ఈ పెద్దాయన ప్రశ్న మాత్రం అందరికీ దొరికింది.

"అంకుల్, పోయిన నెలే చెప్పాం కదా!" అన్నాడు శ్యామ్. వెనకాలే పదిమంది పళ్లికిలించే బొమ్మలు పెట్టారు.

"మరిచిపోతినబ్బా. ఇంకొక తూరి చెప్పండి."

"బెర్తు ఖాయం కాలేదని అర్థం. కానీ రైలెక్కచ్చు. ఒక బెర్తులో ఇద్దరు కూర్చుని పోవాలి" అని పరిమళే విసుగ్గా పెట్టింది.

"సరి సరి. మంచిది."

ఆయన ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు పరిమళ కూడా గ్రూపుకు కొత్తే. అందరితోపాటు తనూ నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. చెప్పిందే చెప్పడానికి ఇదేమన్నా ఒకటో తరగతా?

వరదయ్యను గ్రూపులోంచి తీసేసింది.

"మంచి పని చేసినావక్కా" అని శ్యామ్ ఆమెకు విడిగా చప్పట్ల బొమ్మ పంపాడు.

ఆ రోజు నుంచి గ్రూపు ప్రశాంతంగా ఉంది. ఎవరూ తెలివితక్కువ ప్రశ్నలు అడగడం లేదు. అందరూ తెలివిమీరారని పరిమళ లోలోపల మురిసిపోయింది కూడా.

దీపావళి దాటిన వారానికి జనని అనే అమ్మాయి గ్రూపు వదిలి వెళ్లిపోయింది. తిరువొత్తియూరు అమ్మాయి, చేరి మూడు నెలలు కూడా కాలేదు. పరిమళ ఫోన్ చేసింది.

"ఏం జననీ, మామీద కోపమా?"

"కోపమేం లేదక్కా. ఆడుండి నాకేం లాభం? వైజాగ్‌లో ఇంటర్వ్యూ ఉండె. టికెట్టుమీద ఆర్‌ఏసీ అని వచ్చె. సీటు లేదేమో అనుకొని ఇంట్లోనే ఉండిపోతిని. పండగ రద్దీ, బస్సు కూడా దొరకలే. ఆ ఉద్యోగం ఇంకెవరికో పాయె."

"అయ్యో, ఆర్‌ఏసీ ఉంటే ఎక్కచ్చు కదా! గ్రూపులో ఒక్క మాట అడగకూడదా?"

"అడిగినానక్కా. ముందు మీరు చెప్పినప్పుడు నాకు అక్కర లేక చదవలే. పెట్టగానే సిగ్గేసి తుడిచేస్తిని."

"తుడిచేస్తే ఎవరు చెప్తారే?"

"ముందంతా అట్లే కదా జరిగింది! లాడ్జి గదికి సీపీ అంటే ఏందని పెట్టి తుడిచేస్తిని. ఆ వెంటనే వరదయ్య తాత అదే అడిగె. ఇంకొక తూరి కూడా అట్లే. అందరూ తాతను చూసి నవ్విరి, నాకు జవాబు దొరికె. ఈ తూరి కూడా అడుగుతాడని రైలు టైం దాకా ఫోన్ చూస్తానే ఉంటిని. తాత ఏమైపాయెనక్కా?"

పరిమళ తీసేశానని చెప్పలేకపోయింది. కనుక్కుంటానని ఫోన్ పెట్టేసింది.

మరునాడు పొద్దున్నే రాయపురంలో బస్సెక్కి జార్జి టౌన్‌లో దిగింది. వరదయ్య వాట్సాప్ ఫొటోలో ఆయన ముఖం బదులు కొట్టు బోర్డే ఉండేది. ఆ పేరు అడుగుతూ, తోపుడు బళ్లను తప్పించుకుంటూ సందులో చివరిదాకా నడిచింది.

తాళ్ల కొట్టు. గల్లాపెట్టె ముందు ఒక ముసలాయన ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చూస్తున్నాడు.

"అయ్యా, నేను పరిమళను. గ్రూపు..."

"అడ్మిన్ పాపవా! రా రా, ఆ తాడు చుట్ట మీద కూర్చో. కాఫీ తాగుతావా?"

ఆ ఆదరణకు పరిమళ ఇంకా కుంచించుకుపోయింది.

"నన్ను క్షమించండయ్యా. మీకు అన్నీ తెలుసు, అవునా?"

"సరుకు కోసం నేను తిరగని ఊరుందా పాపా? కొత్తోళ్లకు అడగాలంటే సిగ్గు. ముసిలోణ్ణి, నాకేం సిగ్గు? నవ్వితే నవ్వనీ."

"తీసేసినప్పుడైనా నాకొక మాట చెప్పకూడదా?"

"చెప్తే ఆ బిడ్డలు తుడిచేసింది బయటపడదా?"

పరిమళ తల దించుకుంది. జనని సంగతి చెప్పింది. ఆయన ఫోన్‌ను గల్లాపెట్టె మీద పెట్టేశాడు.

"అయ్యో పాపం" అన్నాడు.

"మళ్లీ చేర్చుకుంటానయ్యా. ఇప్పుడే. మీరు రావాలి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కండ్లు మసకలు పడె పాపా. వాళ్లు తుడిచేసే లోపల చదవలేకుండా ఉండాను. ఇంక నువ్వే చూసుకోవాల."

"నావల్ల అవుతుందా అయ్యా? అందరితో కలిసి మిమ్మల్ని చూసి నవ్వినదాన్ని."

"అదేం కొత్తా? మొదటి తూరే నవ్వితివి కదా."

"అది మీకింకా గుర్తుందా?"

"ఎందుకుండదు?" వరదయ్య నవ్వాడు. "నువ్వు చేరిన దినం ఆర్‌ఏసీ అంటే ఏందని పెట్టి గబుక్కున తుడిచేస్తివే, ఆ తూరి నేనడిగింది నీకోసమే కదా పాపా!"