కొండదారికి నాలుగు టైర్లు

పికప్ బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, పెద్దాయన టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఎండ కూడా లేదే అన్నట్టు చూశాడు టైర్ల షాపతను.

"నా తల, ఈ టైర్లు ఒకే ఏడాది నున్నబడ్డాయండీ. రెండూ ఒకేసారి చూస్తే మీరు తట్టుకోలేరు" అన్నాడు పెద్దాయన.

అప్పటికి ఎనిమిది కూడా కాలేదు. ఇల్లు ఊరికి ఆ చివర, షాపు ఈ చివర. ఇంత దూరం ఎందుకని గొణిగిన కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. రేపటి నుంచి పూలమొక్కలు వేసుకుని రోజూ కొండదారి దిగేది ఆమే. బండి నడపడంలో తండ్రి కన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. అయినా ఆ మలుపులు తలుచుకుంటే చాలు, ఆయన గుండె జారిపోతోంది. పిరికివాళ్లంతా సంఘం పెట్టుకుంటే తననే ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేస్తారని ఇంట్లో ఆయనే చెప్పుకుంటాడు.

షాపతను మూడు రకాలు దొర్లించుకొచ్చాడు. పెద్దాయన టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదివి, అది ఎప్పుడు తయారైందో తేల్చాడు. టైరు గాడుల్లో వేలు దూర్చి లోతు చూశాడు. అంచుల్ని గోటితో గీకాడు. చివరికి వాసన కూడా చూశాడు. కూతురు సిగ్గుపడి అటు తిరిగి నిలబడింది.

ఇంత పరీక్ష పెట్టినవాళ్లని చూడలేదని షాపతను నవ్వాడు. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఇలా చెడిపోయానన్నాడు పెద్దాయన. గోటితో గీకడం ఎందుకో మాత్రం షాపతనికి అర్థమైంది.

"అరిగిన టైరు మీద కొత్త పొర అతికించినవి మా దగ్గర ఉండవండీ. బజారులో చవగ్గా అవే అమ్ముతున్నారు. వానలో, మలుపులో ఆ పొర ఊడిందంటే బండి మన మాట వినదు."

"తెలుసు" అన్నాడు పెద్దాయన మెల్లగా.

అన్నిటికన్నా మంచి రకం నాలుగూ బిగించమన్నాడు. కూతురికి ఓపిక నశించింది.

"మామూలువి చాలవా నాన్నా? అందరూ అవే వేయించుకుంటున్నారుగా."

"అందరి సంగతి వేరమ్మా. ఇది నువ్వు ఎక్కే బండి."

ఆమె బండి తాళాలు షాపతనికి ఇచ్చింది.

బండి ఇక ఆమెదేనంటూ బిల్లు కూడా కూతురి పేరు మీదే రాయించాడు. కొత్త టైర్లని ఒక్కొక్కటిగా కాలితో తన్నాడు. ఆ తన్నుల వల్ల తెలిసేదేమీ లేదని, కాలు నొప్పి పుట్టడం మాత్రం ఖాయమని తనే నవ్వాడు. ఆ ఉదయం మొదటిసారి గుండె తేలికపడింది.

తొమ్మిదవుతుండగా కూతురు ఆయన్ని దారిలో దింపి వెళ్లింది. బండి మలుపు తిరిగేదాకా చక్రాలనే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత బజారుకు వెళ్లి తన టైర్ల షాపు తెరిచాడు.