తొమ్మిదింబావు లోపల

“మళ్ల బందైంది కాకా,” అంది లావణ్య.

పాత కంప్యూటర్ పక్క రేకు అప్పటికే ఊడదీసి ఉంది. లోపలి నుంచి సెగ కొడుతోంది. పండరి టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముందు పెట్టి స్విచ్ వేశాడు. గడియారంలో ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. షేర్ మార్కెట్ తెరిచేది తొమ్మిదింబావుకు.

“జర సల్లబడనియ్ బిడ్డా. మళ్ల చూద్దాం.”

“కొత్త దాంట్ల సాఫ్ట్‌వేర్ ఎక్కించిన కద. రేట్లు కనబడతానయ్, చార్టులు వస్తానయ్. ఇగ పాతదాన్ని ఇడిసిపెట్టరాదు?”

“గీతలు రాలే కద.” పండరి కొత్త తెర వైపు వేలు చూపించాడు. “మీ టీచర్ చార్టుల మీద గీసుకున్న గీతలు, పక్కన రాసుకున్న ముచ్చట్లు, కొన్నయి, అమ్మినయి. మూడేండ్లయి. ఒక్కటి లేకున్నా దవాఖాన నుంచి రాంగనే ఆమె పట్టేస్తది.”

అది నిజమేనని లావణ్యకూ తెలుసు. ఏడో తరగతిలో తనకు లెక్కలు చెప్పింది ప్రేమలత టీచరే. కామా తప్పినా పట్టుకునేది.

పండరి కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. షేర్ల సంగతి అతనికి ఏనాడూ పట్టలేదు. అదంతా భార్య ప్రేమలత పని. బడికి సెలవులొస్తే చాలు, ఆమె ఆ తెర ముందే ఉండేది. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి ఆమె కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. దవాఖాన ఖర్చుకు ఆమె షేర్లన్నీ అమ్మేయాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇంటికొచ్చాక నెల రోజులు గోడను చూస్తూ పడుకుంది. ఒక పొద్దున ఎడమ చెయ్యి ఎత్తి కంప్యూటర్‌ను చూపించి “పెట్టు” అంది. ఆ నెలలో ఆమె పలికిన మొదటి మాట అదే.

పండరి అప్పుడు లావణ్య కంప్యూటర్ షాపుకు పరిగెత్తాడు. ఆమె షేర్లన్నీ అట్లాగే ఉన్నట్టు కనిపించే ఖాతా ఒకటి లావణ్య తెరిచి పెట్టింది.

“అసలు ఖాతా అయితే గింత తిప్పల ఉండకపోవు కాకా,” అంది లావణ్య, డిస్కు తాకి చూస్తూ. “కంపెనీ సర్వర్ల ఉంటుండె. ఇది నేర్చుకునేటోళ్ల ప్రాక్టీస్ ఖాతా. రేట్లు నిజమైనయే కానీ కొనుడు, అమ్ముడు అంత ఉత్తదే. అందుకే సరుకంత ఈ డిస్కులనే ఉన్నది. ఇది పోతే ఇగ ఏడ దొరకది.”

“అందుకే పోనియ్యద్దంటాన.”

“మూడేండ్లాయె. టీచర్‌కు నిజం చెప్పేస్తే అయిపోతది కద?”

“పొద్దుగాల ఒక్క చేత్తోనే తల దువ్వుకొని తొమ్మిదింటికి కూసుంటది. మూడున్నరకు మార్కెట్ బందైనంక మగ్గం కాడికొచ్చి ‘ఈయాల లాభమే’ అంటది. ఆ మాట చెప్పనీకే నడక నేర్చుకున్నది బిడ్డా. మొదట్ల గోడ పట్టుకొని పదడుగులు ఏసింది. చెమటలు కారిపోయినయ్. నేనెట్ల చెప్పాలె?”

లావణ్య పాత కంప్యూటర్ మీట నొక్కింది. తెర వెలిగింది.

“ఎనిమిది నిమిషాలకంటె ఎక్కువ నిలబడతలేదు. ఒక్కసారే మొత్తం తీస్తే నడుమల బందైతది.”

“పోగు తెగితే మొత్తం జంపఖానా ఇప్పుతమా? తెగినకాడ ముడేసి నేస్తం. కొంచెం కొంచెం తియ్.”

అట్లాగే తీశారు. ఒక ఏడాది లెక్క పెన్‌డ్రైవ్‌లోకి తీశారు, కంప్యూటర్ ఆరిపోయింది. చల్లబడేదాకా ఆగి ఇంకో ఏడాదిది తీశారు. మళ్లీ ఆరిపోయింది. మూడోసారి పండరి ఫ్యానును రెండు చేతులతో ఎత్తి సరిగ్గా వేడి పుట్టే చోటికి పట్టుకున్నాడు. భుజాలు లాగేశాయి. దించలేదు.

గీతలున్న ఫోల్డర్ ఒక్కటే మిగిలింది. అదే అన్నిటికంటే పెద్దది.

“తొమ్మిదాయె కాకా. దవాఖానల కసరత్తుకు పోయిన టీచర్ వచ్చే యాళ్లైంది.”

“నువ్వు గడియారం చూడకు. పని చూడు.”

తొంభై శాతం, తొంభై నాలుగు. పాత యంత్రం గురగురమంది. పండరి ఫ్యానును ఇంకా దగ్గరికి జరిపాడు. తొంభై తొమ్మిది.

“అయిపోయింది!”

లావణ్య పెన్‌డ్రైవ్ పీకి కొత్త కంప్యూటర్‌కు పెట్టింది. పాత ఫోల్డర్లను వాటి చోట్లలో ఉంచి సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఖాళీ చార్టుల మీద ఎర్ర గీతలు, నీలం గీతలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. పండరి ఫ్యాను దించి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. బయట ఆటో ఆగిన చప్పుడైంది.

పొరుగింటి మల్లక్క గుమ్మం దాకా తోడొచ్చి వెళ్లిపోయింది. ప్రేమలత కర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. కొత్త తెరను చూసింది. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని ఒక్కో చార్టూ తెరిచింది. తొందర పడలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ పండరి తెర మీంచి చూపు తిప్పలేదు.

“అన్నీ… ఉన్నయ్,” అంది చివరికి.

“ఉండకేం జేస్తయ్! మన లావణ్య చేసింది కద,” అన్నాడు పండరి. “చాయ్ పెడ్త ఆగుండ్రి,” అంటూ చకచకా వంటింట్లోకి పోయాడు.

తొమ్మిదింబావు అయింది. తెర మీద రేట్లు కదలడం మొదలైంది. లావణ్య నేల మీద కూర్చుని వైర్లు చుడుతోంది. ప్రేమలత వంటింటి వైపు ఒకసారి చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసింది. లావణ్య ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది.

“ఇది ఉత్త ఖాతా అని… నాకెరుకని… ఆయనకు చెప్పకు.”