ఆడవాళ్ళ వైపు చాప

“చాపలు తీసేస్తే నేను చర్చికి రాను అమ్మగారూ. ముందే చెప్తున్నాను,” అంది ప్రేమావతి, మిషను మీంచి తల ఎత్తకుండా.

పాస్టరుగారి భార్య క్యారొలిన్ చేతిలో కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ దీవిలోని రంగత్ ఊళ్ళో తెలుగు చర్చికి పడాక్ చెక్కతో కొత్త బెంచీలు తయారయ్యాయి. ఇన్నేళ్ళూ ఎడమవైపు చాపల మీద ఆడవాళ్ళు, కుడివైపు చాపల మీద మగవాళ్ళు కూర్చునేవారు. వచ్చే ఆదివారం నుంచి ఎవరి కుటుంబం వాళ్ళు ఒకచోట బెంచీ మీద కూర్చోవాలని సంఘం తీర్మానించింది. ఏ ఇంట్లో ఎంతమందో రాసుకోవడానికి క్యారొలిన్ ఇల్లిల్లూ తిరుగుతోంది.

“అరే దీదీ, బెంచీ మీద కూర్చుంటే దేవుడికి గుస్సా వస్తాదా?”

“నేల మీద కూర్చోవడంలో వినయం ఉంది. మాయాబందర్‌లో మా నాన్న సంఘపెద్ద. ఆయన కాలంలో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని పాట పాడింది లేదు. ఇది చర్చా, బస్సా?”

“ముసలివాళ్ళకి మోకాళ్ళు వంగట్లేదు కదా. సరే, మీకు రెండు సీట్లు రాస్తున్నా. భయ్యా షిప్ ఎప్పుడొస్తాది?”

“క్రిస్మస్ దాటాక అన్నారు.”

“ఠీక్ హై. వచ్చాక ఇద్దరూ కలిసే కూర్చుందురు గాని.”

క్యారొలిన్ వెళ్ళిపోయాక ప్రేమావతి కుట్టిన జాకెట్టు చెయ్యి విప్పి మళ్ళీ కుట్టింది. అప్పటికీ వంకరగానే వచ్చింది.

మాయాబందర్ నుంచి ఆమె రంగత్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇక్కడ కుట్టుపని బాగా దొరుకుతుందని వచ్చానంది. భర్త రాజబాబుది సరుకుల ఓడలో ఇంజను గది ఉద్యోగమనీ, ఏ రేవులో ఎన్నాళ్ళుంటాడో తెలియదనీ వచ్చిన కొత్తలోనే చెప్పింది. ప్రతి ఆదివారం ప్రార్థనలో స్టీవెన్ పాస్టరుగారు రోగులనూ, ప్రయాణికులనూ తలుచుకున్నాక, “సముద్రం మీదున్న మా సహోదరుడు రాజబాబును కాపాడు తండ్రీ,” అనేవారు. అందరూ ఆమేన్ అనేవారు. ఆ ఆమేన్ వినపడగానే ప్రేమావతి తలమీది చెంగు ఇంకాస్త ముందుకు లాక్కునేది.

వారం మొత్తంలో ఆమెకు ఇష్టమైనవి ఆ రెండు గంటలే. ఒక భుజానికి ముసలి తవిటమ్మ భుజం, ఇంకో భుజానికి ఎవరో ఒకరి భుజం తగులుతూ ఉండేవి. పక్కవాళ్ళ పిల్ల ఒళ్ళో నిద్రపోయేది. ఇంటికొచ్చి తాళం తీసేదాకా ఆ వెచ్చదనం ఒంటిమీదే ఉండేది.

బెంచీలు వేశారు. అన్న మాట ప్రకారం ప్రేమావతి వెళ్ళలేదు.

మొదటి ఆదివారం మిషనుకు నూనె వేసింది. రెండో ఆదివారం వాన. రేకుల మీద చప్పుడులోంచి చర్చి మైకు పాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంటే తలుపు వేసుకుని తనే ఆ పాట అందుకుంది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. ఒక్క గొంతుతో ఆ పాట ఏడుపులా ఉంది. మూడో ఆదివారం పొయ్యి కూడా వెలిగించలేదు.

ఆ సాయంత్రం తవిటమ్మ వచ్చింది. చర్చిలో అందరికంటే పెద్దది.

“ఏటమ్మా పేమా, నామీద అలిగినావేటి?”

“మీమీదెందుకు అలుగుతాను పిన్నీ? ఆ బెంచీలు నాకు నచ్చలేదు.”

“నీకు నచ్చకపోతే నచ్చకపోనీ. నా మాట ఇను. నాలుగేళ్ళనుంచి ఆశీర్వాదం కాడ నన్ను లేపడానికి ఇద్దరు కావాలి. లేపినప్పుడల్లా నాకు సిగ్గేసి సచ్చేదాన్ని. మొన్న ఆదివారం నాకు నేనే లేచి నిలబడ్డానే! అది నీకు సూపిద్దావని ఎనక్కి తిరిగి సూస్తే నువ్వు లేవు.”

నాలుగేళ్ళుగా ఆవిణ్ణి లేపిన ఇద్దరిలో ప్రేమావతి ఒకతె. ప్రతిసారీ ఆ ముసలి చెయ్యి తన చేతిలో వణకడం ఆమెకు తెలుసు. తెలిసి కూడా చాపలే ఉండాలని పట్టుబట్టింది. తవిటమ్మ వెళ్ళాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. తన భయం కోసం ఒక ముసలి ప్రాణాన్ని నేలమీదే ఉంచాలనుకుంది. ఇంక ఆ భయాన్ని మోసే ఓపిక ఆమెకు లేదు.

మరుసటి ఆదివారం ఆమె లోపలికి అడుగుపెట్టేసరికి పాట మొదలైంది. ఏ బెంచీ చూసినా నాన్న, అమ్మ, పిల్లలు. మూడో వరుసలోంచి క్యారొలిన్ చెయ్యి ఊపింది.

“దీదీ, ఇటు! మీ రెండు సీట్లూ ఎవరికీ ఇవ్వలేదు.”

ప్రేమావతి వెళ్ళి కూర్చుంది. పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ. బెంచీ ఎక్కడా ఊగలేదు గాని, ఆమెకు పడవలో కూర్చున్నట్టే ఉంది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు చోటు లేక గోడకానుకుని నిలబడ్డారు. పాట ముగిసింది. స్టీవెన్ పాస్టరుగారు ప్రార్థనకు చేతులెత్తారు. “సముద్రం మీదున్న మా సహోదరుడు...”

“వద్దు అయ్యగారూ,” అంటూ ప్రేమావతి లేచి నిలబడింది.

పాస్టరుగారు ఎత్తిన చేతులు దించారు.

“ఆయన కోసం చోటు ఉంచొద్దు. ఆయన రారు. ఓడ దిగి, కాకినాడలో వేరే ఆవిడతో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళు దాటింది. ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే ఆయన లేని సంగతి ఎవరికీ కనపడదని... ఇన్నాళ్ళూ మీ అందరితో అబద్ధపు ప్రార్థన చేయించాను. నన్ను క్షమించండి.”

తవిటమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్యారొలిన్ తన చోటులోంచి లేచి వచ్చి, ఆ ఖాళీలో కూర్చుని, ప్రేమావతి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“మీరొచ్చిన నెలకే మా అందరికీ తెలిసిపోయింది, దీదీ. మీరే చెప్పేదాకా మీ మాటే మా మాట అనుకున్నాం.”